నీడ తరిగితే ఊపిరి తరుగుతుంది: విశాఖకు హెచ్చరిక

విశాఖ వాసులారా, ఈ నాలుగు మాటలు తీరిక చేసుకుని చదవండి. మీ వీధిలో రంపం చప్పుడు వినిపిస్తే అది పక్కింటివాళ్ల సంగతని తలుపు వేసుకోకండి. అది మీ రక్తపోటుకు, మీ పిల్లల ఉబ్బసానికి, ఎండాకాలంలో మీ ఇంట్లో పెద్దవాళ్ల ప్రాణాలకు సంబంధించిన సంగతి. ఊళ్లో చెట్టు నీడ తగ్గుతోంది. చెట్ల మధ్య మనం గడిపే సమయం అంతకన్నా వేగంగా తగ్గుతోంది. ఈ రెండూ కలిస్తే వచ్చే జబ్బులు ఒక్కరోజులో రావు. వచ్చాక ఒక్కరోజులో పోవు. అందుకే ముందే చెబుతున్నాం.

చెట్ల కింద తిరగడం ఏ ఊరివాళ్లకైనా మంచిదే. మనకు మాత్రం అది అవసరం. కారణం ఈ ఊరి నైసర్గిక స్వరూపంలోనే ఉంది. దక్షిణాన యారాడ కొండ, డాల్ఫిన్స్ నోస్. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండలు. తూర్పున సముద్రం. నడుమ గిన్నెలాంటి పల్లం. ఆ పల్లంలోనే జనం, ఆ పల్లంలోనే పరిశ్రమలు. 1933లో ఓడరేవు తెరుచుకుంది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. ఆ వెనక ఎరువులు, జింకు, ఉక్కు, విద్యుత్తు, మందుల కంపెనీలు వచ్చాయి. వాటితోనే ఈ ఊరు బతికింది, ఎదిగింది. ఆ మేలును ఎవరూ కాదనరు. కానీ గాలి కదలని చలికాలపు రాత్రుల్లో పొగ, ధూళి ఈ పల్లం దాటి త్వరగా పోలేవన్నది కూడా అంతే నిజం.

ఇది మా ఊహ కాదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాలను గుర్తిస్తే వాటిలో విశాఖ ఉంది. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైనప్పుడు, గాలి నాణ్యతలో ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలోనూ విశాఖ ఉంది. పాతనగరంలో, జ్ఞానాపురంలో, కాన్వెంట్ జంక్షన్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఏ జాబితా అక్కర్లేదు. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి నల్లటి పొర కనిపిస్తుంది. ఆరేసిన తెల్లబట్ట చెబుతుంది.

ఇలాంటి ఊళ్లో చెట్టు చేసే పని చాలా పెద్దది. ఆకులు గాలిలోని ధూళిని కొంత పట్టి ఉంచుతాయి. వేళ్లు తాగిన నీటిని ఆకులు ఆవిరిగా వదులుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేస్తాయి. కొమ్మలు ఎండను నేలమీద, గోడమీద, మన ఒంటిమీద పడకుండా ఆపుతాయి. ఈ చివరి పనే మన ఊరికి అన్నిటికన్నా ముఖ్యం. విశాఖ ఎండ రాయలసీమ ఎండ లాంటిది కాదు. ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ. పట్టిన చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. థర్మామీటరులో అంకె తక్కువే ఉన్నా గుండె మీద భారం ఎక్కువే పడుతుంది. అలాంటిచోట నేరుగా పడే ఎండను తప్పించుకోవడమే మొదటి రక్ష. 2015 వేసవిలో వడగాలులకు మన రాష్ట్రంలో 1,300 మందికి పైగా చనిపోయారు. ఎండకు ముందుగా బలయ్యేది పెద్దవయసువాళ్లు, బయట ఒళ్లొంచి పనిచేసేవాళ్లు. ఓడరేవులో కళాసీ, రోడ్డుమీద తోపుడుబండి మనిషి, బస్సు కోసం నిలబడ్డ ముసలమ్మ. వీళ్లకు ఏసీ లేదు. చెట్టే ఉంది. అదీ ఉంటే.

చెట్లు పోతే ఏమవుతుందో అమెరికా చూసింది. 2002లో అక్కడ మిషిగన్‌లో ఒక ఆకుపచ్చ పెంకు పురుగును మొదటిసారి గుర్తించారు. అది యాష్ జాతి చెట్లను తొలిచి చంపుతుంది. కొన్నేళ్లలోనే పది కోట్ల చెట్లు నేలకూలాయి. అక్కడి అటవీశాఖ పరిశోధకులు 15 రాష్ట్రాల మరణాల లెక్కలు తీసి 2013లో ఫలితాలు ప్రచురించారు. పురుగు సోకిన ప్రాంతాల్లో గుండె జబ్బులతో దాదాపు 15 వేలు, శ్వాసకోశ వ్యాధులతో దాదాపు 6 వేలు అదనపు మరణాలు లెక్కకు వచ్చాయి. చెట్లు పోవడమే ఏకైక కారణమని ఆ లెక్క రుజువు చేయలేదు. కానీ ఆదాయం, చదువు వంటి తేడాలను పక్కన పెట్టి చూసినా ఆ సంబంధం నిలిచింది. ఒక పురుగు కొన్నేళ్లలో చేసిన పనిని మన ఊళ్లో ఒక తుపాను ఒక్కపూటలో చేసింది.

2014 అక్టోబరు 12 ఎవరు మరిచిపోగలరు? హుద్‌హుద్ గంటకు 180 కిలోమీటర్ల గాలితో మన మీద విరుచుకుపడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణలో, కంబాలకొండలో, బీచ్ రోడ్డులో, కాలనీల్లో దశాబ్దాల చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. మిగిలినవి ఆకు లేని మోళ్లై నిలబడ్డాయి. ఊరు నిబ్బరంగా లేచింది. మొక్కలు నాటింది. ఆ కష్టానికి చేతులెత్తి మొక్కాలి. అయితే తుపానుకు పోయిన నీడ పూర్తిగా తిరిగి రాకముందే రోడ్ల వెడల్పు, అపార్ట్‌మెంట్లు, పార్కింగు, హోర్డింగుల కోసం మరికొంత నీడను మన చేతులతో మనమే తీసేస్తున్నాం. ఇక్కడే మాకు భయం.

చెట్ల మధ్య గడపడం వల్ల మేలు జరుగుతుందని పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పారు. ఇప్పుడు కొలిచి చూపిస్తున్నారు. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రి రికార్డులు పరిశీలించాడు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిలో సగంమందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగంమందికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు ముందుగా ఇంటికి వెళ్లారు. ఘాటైన నొప్పి మందులు తక్కువ వాడారు. జపాన్ ప్రభుత్వం 1982 నుంచి అడవిలో నింపాదిగా గడపడాన్ని ఆరోగ్య అలవాటుగా ప్రోత్సహిస్తోంది. అక్కడి పరీక్షల్లో అడవిలో నడిచినవాళ్లకు నగర వీధుల్లో నడిచినవాళ్లకన్నా నాడి వేగం, రక్తపోటు, ఒత్తిడి హార్మోను తగ్గాయి. 2019లో ఇంగ్లండులో దాదాపు 20 వేలమందిని అడిగి చూస్తే, వారానికి 120 నిమిషాలైనా పచ్చటి చోట్ల గడిపేవాళ్లు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఆ రెండు గంటలు ఒకేసారి గడిపినా, విడివిడిగా గడిపినా తేడా లేదు. రోజుకు ఇరవై నిమిషాలకు లోపే.

పిల్లల సంగతి వేరే చెప్పాలి. 2015లో చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపిన పిల్లల్లో మూడేళ్లలో 30 శాతానికి దూరపుచూపు తగ్గింది. అలా గడపని పిల్లల్లో ఆ సంఖ్య 40 శాతం. మన బడుల్లో పిల్లల్ని చూడండి. అపార్ట్‌మెంటు కింద అంతస్తులో నడిచే బడికి మైదానం లేదు. మైదానం ఉన్నచోట నీడ లేదు. నీడ లేనిచోట మే నెలలోనే కాదు, సెప్టెంబరులో కూడా పిల్లలు ఆడలేరు. ఆడలేని పిల్లవాడి చేతికి ఫోను వస్తుంది. కళ్లజోడు వస్తుంది. ఒళ్లు వస్తుంది. ఇదంతా ఆపగలిగిన నష్టం.

ఈ గుర్తులు మీ ఇంట్లో కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. పిల్లలకు తెల్లవారుజామున పొడిదగ్గు వస్తుంటే, రాత్రి పడుకున్నప్పుడు ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తుంటే చూపించండి. పెద్దవాళ్లు రెండు మెట్లెక్కి ఆగిపోతుంటే, ఉక్కపోత రోజుల్లో మాట తడబడుతుంటే, చెమట పట్టడం ఆగి ఒళ్లు కాలిపోతుంటే ఆలస్యం చేయకండి. వెంటనే నీడకు చేర్చండి. తడిబట్టతో ఒళ్లు తుడవండి. 108కి ఫోన్ చేయండి. నిద్ర పట్టకపోవడం, అయినదానికీ కానిదానికీ చిరాకు, పనిమీద మనసు నిలవకపోవడం కూడా గుర్తులే. గోడల మధ్యే తెల్లారి గోడల మధ్యే పొద్దుగూకే బతుకులో ఇవి చాలామందికి మొదలయ్యాయి.

మీ వీధి చెట్టు కూడా గుర్తులు చూపిస్తుంది. మొదలు చుట్టూ మాను అంచుదాకా సిమెంటు పోశారా? ఆ చెట్టు నీళ్లు తాగలేదు, వేరు ఊపిరి తీసుకోలేదు. మొదట్లో చెత్త తగలబెట్టి బెరడు నల్లబడిందా? మేకులు కొట్టి బోర్డులు తగిలించారా? కరెంటు తీగల కోసం ఒకవైపు కొమ్మలే నరకగా చెట్టు మరోవైపు వాలిందా? వాన తర్వాత మొదలు దగ్గర మట్టి పగులు విచ్చిందా? మాను తొర్ర పడిందా? అయితే ఆ చెట్టు ప్రమాదంలో ఉంది. తర్వాతి తుపానులో దాని కింద ఉన్నవాళ్లు కూడా ప్రమాదంలో ఉన్నట్టే. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని ఆదేశించింది. ఆ మీటరు మట్టి మన చెట్లకూ కావాలి. ఆకులు వేళకాని వేళ ఒక్కసారిగా మాడి రంగు మారితే గాలి సంగతి అనుమానించండి, అధికారులకు చెప్పండి. 2020 మే 7న వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి పాకినప్పుడు చుట్టుపక్కల చెట్ల ఆకులు ఎలా మాడిపోయాయో ఊరంతా చూసింది.

ఏ మొక్క నాటుతున్నామో చూసుకోవడం కూడా ఆరోగ్యమే. హుద్‌హుద్ తర్వాత త్వరగా ఎదుగుతాయని రోడ్ల వెంట ఏడాకుల పాల మొక్కలు విరివిగా వేశారు. ఉద్దేశం మంచిదే. ఇప్పుడవి చెట్లయ్యాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పూత సమయంలో వాటి ఘాటు వాసనకు తలనొప్పి, తుమ్ములు, ఆయాసం వస్తున్నాయని జనం మొరపెట్టుకుంటున్నారు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ నెలల్లో ఆ దారుల్లో నడక మానండి, రాత్రిళ్లు అటువైపు కిటికీ మూయండి. అలాగని కోపంతో ఉన్న చెట్లన్నీ ఒక్కసారిగా నరికించకండి. పక్కనే వేప, కానుగ, నేరేడు, పొగడ, రావి, చింత నాటి, అవి ఎదిగాక వీటిని మెల్లగా మార్చుకోవచ్చు. కోనోకార్పస్ జోలికి మాత్రం పోకండి. ఒకే రకం మొక్కను కిలోమీటర్ల పొడవున నాటించకండి.

చెట్ల మధ్యకు వెళ్లండని చెప్పేటప్పుడు ఎలా వెళ్లాలో కూడా చెప్పాలి. చలికాలం తెల్లవారుజామున ధూళి నేలకు దగ్గరగా నిలుస్తుంది. ఓడరేవు, గాజువాక, మల్కాపురం వైపు ఉండేవాళ్లు ఆ నెలల్లో సూర్యుడు బాగా పైకి వచ్చాకే నడకకు బయల్దేరండి. ఎండాకాలంలో దీనికి తలకిందులు: ఎనిమిదిలోపే ముగించండి. లారీలు తిరిగే రోడ్డు పక్కన చెట్లున్నా అక్కడ వ్యాయామం వద్దు. లోపలి వీధి చూసుకోండి. ఉరుములు మొదలైతే చెట్టు కింద నిలబడకండి, పక్కా కట్టడంలోకి వెళ్లండి. కంబాలకొండలో అటవీశాఖ చూపించిన బాట దాటకండి, ఒంటరిగా లోపలికి పోకండి. అది చిరుతలు తిరిగే అభయారణ్యం. పొదల్లో, గడ్డిలో కూర్చుని వచ్చాక బట్టలు మార్చి స్నానం చేయండి. ఆపై రెండు వారాల్లో జ్వరం వచ్చి, ఒంటిమీద ఎక్కడైనా నల్లటి పొక్కు మచ్చ కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. డాక్టరుకు ఆ మచ్చ చూపించండి. వేళకు గుర్తిస్తే మామూలు మందులతో నయమవుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకొక మాట. చెట్టు మందుకు తోడు, మందుకు బదులు కాదు. పార్కులో నడుస్తున్నామని రక్తపోటు మాత్రలు మానకండి. పిల్లవాడికి ఇచ్చిన ఇన్‌హేలరు పక్కన పెట్టకండి. గుండె జబ్బున్నవాళ్లు కొండ ఎక్కేముందు డాక్టరును అడగండి. అలాగే చెట్టు పరిశ్రమ బాధ్యతకు బదులు కాదు. బొగ్గు కుప్పల మీద కప్పు వేయడం, నీళ్లు చల్లడం, వ్యాగన్లు మూసి పంపడం, పొగ గొట్టాల దగ్గరే ధూళిని పట్టడం మొదట జరగాలి. హరిత వలయం ఆ తర్వాతి రక్ష. ఆ సంస్థల్లో పనిచేసేవాళ్లు మన అన్నదమ్ములే, వాళ్ల పిల్లలు పీల్చేదీ ఈ గాలే. కాబట్టి వాళ్లను తిట్టడం లేదు, అడుగుతున్నాం.

అదృష్టం ఏమిటంటే మనకింకా మిగిలింది చాలానే ఉంది. జాతీయ రహదారి పక్కనే, ఊరిని ఆనుకుని దాదాపు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం ఉంది. దానికి ఎదురుగా 1977 నుంచి ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల ఉంది. ముడసర్లోవ ఉంది. సంపెంగలు పూసే, పనస కాసే సింహాచలం కొండ ఉంది. ఆషాఢ పౌర్ణమికి లక్షలమంది ఆ కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు కాలినడకన తిరుగుతారు. ఆ భక్తిలో కొంత కొండమీది చెట్టుకు దక్కాలని మా వేడుకోలు. కొండవాలు తొలిచి ప్లాట్లు వేస్తే, వర్షానికి బురద కిందికి జారితే, ఆ నష్టం కింద వీధులదే. ఇక ఉక్కునగరం. ఫ్యాక్టరీ పక్కనే పచ్చటి ఊరు పెంచి చూపించారు కార్మికులు, అధికారులు. ఉక్కు కర్మాగారం భవిష్యత్తు మీద 2021 నుంచి వాదోపవాదాలు జరుగుతున్నాయి. ఏ నిర్ణయం వచ్చినా సరే, ఆ భూముల విలువ కట్టేటప్పుడు అక్కడి చెట్లను ఖాళీ జాగాగా లెక్కవేయవద్దు. గాజువాక ఊపిరితిత్తుల్లో వాటికి వాటా ఉంది.

కార్తీకంలో వనభోజనాలకు మనమంతా వెళ్తాం. ఉసిరిచెట్టు కింద విస్తరి వేసుకుంటాం. మంచి అలవాటు. కానీ ఏడాదికి ఒక్క ఆదివారంతో ఒంటికి సరిపోదు, ప్లాస్టిక్ ప్లేట్లు అక్కడే వదిలివస్తే అడవికి అసలే సరిపోదు. ఆ అలవాటును వారానికి తెచ్చుకోండి. అమ్మమ్మను, తాతయ్యను దగ్గరి పార్కుదాకా నడిపించుకుని వెళ్లండి. పిల్లల్ని సాయంత్రం ఓ అరగంట చెట్ల కింద వదలండి, ఫోను ఇంట్లో పెట్టండి. ఆఫీసులో మధ్యాహ్నం టీ చెట్టు నీడలో తాగండి. కుర్చీలోంచి లేవలేని పెద్దవాళ్లుంటే వాళ్ల మంచం చెట్టు కనిపించే కిటికీ వైపు జరపండి. ఆరిలోవలో, కంచరపాలెంలో, పెదగంట్యాడలో నడవడానికి పార్కు లేని వీధుల పెద్దలు ఒక పని చేయండి. వార్డు సచివాలయంలో కాగితం పెట్టి నీడనిచ్చే మొక్కలు, రెండు బల్లలు అడగండి.

చెట్టు కొట్టడానికి ముందస్తు అనుమతి కావాలని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చెబుతోంది. సొంత స్థలంలో చెట్టయినా సరే. రంపం పట్టుకున్నవాళ్లను మర్యాదగా అడగండి: అనుమతి కాగితం ఉందా? వేరు జబ్బు పడిందని ఎవరు చూశారు? కొమ్మ తీస్తే సరిపోదా? కాగితం లేకపోతే ఫొటో తీసి జీవీఎంసీకి, అటవీశాఖకు తెలపండి. వెయ్యి మొక్కలు నాటామన్న ప్రకటన వింటే మరుసటి ఏడాది వెళ్లి ఎన్ని బతికాయో చూడండి. మొక్కకు మొదటి మూడు వేసవులు గండం. ఆ మూడేళ్లు మీ ఇంటిముందు మొక్కకు రోజూ ఒక బిందె నీళ్లు మీరే పోయండి. అక్టోబరు తుపానుల కాలం రాకముందే, జూన్‌లోనే, తొర్ర పట్టిన కొమ్మల్ని తెలిసినవాళ్లచేత తీయించండి. భయంతో చెట్టంతా మోడు చేయించకండి.

ఇవన్నీ ఇప్పుడే ఎందుకంటారా? మనిషి ఊపిరితిత్తులు పుట్టినప్పటి నుంచి ఇరవై ఏళ్లు దాటేదాకా ఎదుగుతాయి. ఆ వయసులో అందిన గాలిని బట్టే వాటి బలం. ఈరోజు కొట్టేసిన వేపచెట్టు స్థానంలో రేపే మొక్క నాటినా, అంత నీడ రావడానికి దాదాపు అన్నేళ్లే పడుతుంది. అంటే ఈ వారం కేజీహెచ్‌లో పుట్టిన బిడ్డకు ఆ నీడ అందేసరికి ఆ ఊపిరితిత్తుల ఎదుగుదల ముగిసిపోతుంది. కొత్తది నాటుదాం, తప్పకుండా నాటుదాం. కానీ ఆ బిడ్డను కాపాడగలిగింది ఇప్పటికే నిలబడి ఉన్న చెట్టు మాత్రమే. దాన్ని కొట్టనివ్వకండి.